చలి నాది, పెట్టె ఈగలది

మాది తెనాలి దగ్గర పల్లెటూరు. రోహిణి కార్తెలో రోళ్ళు పగిలే ఎండల్లో పెరిగిన మనిషిని తీసుకొచ్చి ఇంగ్లండులోని లీడ్స్‌లో పడేస్తే ఏమవుతాడో నేనూ అదే అయ్యాను. జూన్ నెల్లో కూడా మేజోళ్ళు విప్పను. ఆఫీసులో ఎవరన్నా కిటికీ తీస్తే అది నా మీద కక్షతో తీసినట్టే అనిపిస్తుంది. ఈ సంగతి ముందే ఎందుకు చెప్పుకుంటున్నానంటే, తేనెటీగల విషయంలో నేను వెలగబెట్టిన ఘనకార్యాలన్నిటికీ వేరు ఇక్కడే ఉంది.

రెండో వేరు నా ఉద్యోగం. ఇంటి గోడల్లోంచి, కప్పులోంచి, కిటికీల్లోంచి వేడి ఎంత బయటికి పోతోందో లెక్కగట్టి, ఎక్కడ ఎంత మందం ఇన్సులేషన్ వెయ్యాలో చెప్పడం నా పని. చలంటే భయమూ, వేడి గురించిన చదువూ ఒకే బుర్రలో చేరితే ఆ మనిషి ఇక ఎవరి మాటా వినడు.

కౌన్సిల్ వాళ్ళు ఏడాది లెక్కన అద్దెకిచ్చే కూరగాయల మడి ఒకటి మాకుంది. అలాట్‌మెంట్ అంటారిక్కడ. గోంగూర వేస్తే మొలవలేదు. తోటకూర బాగానే వచ్చింది. బీరపాదు ప్లాస్టిక్ గుడారంలో పూత దాకా వచ్చి, ఒక్క పిందె కూడా పడకుండా ఊరుకుంది. ఈగలు లేకపోవడమే దీనికి కారణమని నేను తేల్చేశాను. బీరపువ్వు సాయంత్రం పూట విచ్చుకుంటుందని, అప్పటికి తేనెటీగలు పని ముగించి గూటికి చేరతాయని మా అమ్మనడిగినా చెప్పేది. అడగలేదు. తేనెటీగలు పెంచబోతున్నానని మాత్రం ఫోన్లో చెప్పాను.

"అంత చదువు చదివి, అంత దూరం వెళ్ళి, ఈగలు తోలుకుంటున్నావా నాయనా?" అంది.

ఈ దేశంలో తేనెటీగల పెట్టెలంటే చెక్కవే, అందులోనూ సెడార్ చెక్కంటే మోజు. కొన్ని దశాబ్దాలుగా వాటి పక్కన పాలీస్టైరీన్ పెట్టెలూ చేరాయి. పాలీస్టైరీన్ అంటే మన థర్మోకోలే. టీవీ కొంటే అట్టపెట్టెలో దాని చుట్టూ వచ్చేది, వినాయకచవితి మంటపాలకి బ్లేడుతో కోసేది. కాకపోతే ప్యాకింగు థర్మోకోల్ తుంచితే పూసలు పూసలుగా రాలిపోతుంది. పెట్టెలకి వాడేది అంతకు కొన్ని రెట్లు చిక్కన, ఘనపు మీటరుకి 100 కిలోల దరిదాపుల్లో ఉంటుంది. గోటితో నొక్కితే నొక్కు పడుతుంది గానీ చేత్తో విరవడం కష్టం. ఉత్తర జర్మనీలో బాడ్ సెగెబెర్గ్ అనే ఊళ్ళో తేనెటీగల పెంపకం నేర్పే బడి ఉంది. ఆ ఊరి పేరుతోనే సెగెబెర్గర్ అనే థర్మోకోల్ పెట్టె పేరుపడింది. డెన్మార్కులో, ఫిన్లాండులో ఈ రకం పెట్టెలు మామూలు విషయం. ఫిన్లాండు అన్న మాట చెవిన పడగానే నేను బోల్తా పడ్డాను. అక్కడి చలికి ఆగిన పెట్టె ఇక్కడి చలికి ఆగదా?

ఆ రాత్రే కాయితం తీసుకుని లెక్క వేశాను. సెడార్ పెట్టె గోడ 19 మిల్లీమీటర్లు. థర్మోకోల్ గోడ 40 అనుకుందాం. చెక్కలోంచి వేడి పారే వేగం థర్మోకోల్‌లో పారే దానికన్నా సుమారు మూడు రెట్లు. మందంలో రెట్టింపు, గుణంలో మూడు రెట్లు. అంటే చెక్క గోడలోంచి పోయే వేడిలో ఆరో వంతే థర్మోకోల్ గోడలోంచి పోతుంది. లెక్క తప్పు కాదు, ఇప్పటికీ దానికి కట్టుబడి ఉన్నాను. దానికి తోడు మా లీడ్స్ విశ్వవిద్యాలయంలోనే పరిశోధన చేసిన డెరెక్ మిచెల్ 2016లో ప్రచురించిన పత్రం చేతికి దొరికింది. తేనెటీగలు అడవిలో కాపురముండే చెట్టుతొర్రలతో పోలిస్తే, మనిషి చేసిచ్చే పల్చని చెక్కపెట్టెల్లోంచి చలికాలంలో వేడి నాలుగు నుంచి ఏడు రెట్లు ఎక్కువ పోతుందని అందులో తేల్చాడు. తొర్ర గోడ జానెడు మందం, పెట్టె గోడ వేలెడు కూడా లేదు. నా వృత్తిలో వాడే సూత్రాలతోనే రాసిన పత్రం. ఇక నాకు పగ్గాల్లేవు.

"ఈ లెక్కలో ఈగలు ఎక్కడున్నాయండీ?" అంది మా ఆవిడ కాయితం చూసి.

"లోపల" అన్నాను.

ఇక కొనడం సంగతి. పెట్టె అంటున్నాను గానీ అది ఒక్క పెట్టె కాదు, దొంతర. అడుగున ఇనప జాలీ వేసిన పీట. దాని మీద రాణి గుడ్లు పెట్టే పెద్ద గది. ఆపైన రాణి ఎక్కకుండా, పని ఈగలు మాత్రం దూరేటట్టు సన్నని సందులున్న జల్లెడ. దాని మీద తేనె గదులు, పంటను బట్టి ఒకటో రెండో మూడో. ఆపైన మూతపలక, అన్నిటికీ మీద కప్పు. గదుల్లో చెక్క చట్రాలు నిలువుగా వేలాడతాయి. ఈగలు మైనం పట్లు కట్టేది వాటిల్లో. బ్రిటన్‌లో ఎక్కువమంది వాడే కొలతకి నేషనల్ అని పేరు. చెక్కదైతే 460 మిల్లీమీటర్ల చదరం, గదికి 11 చట్రాలు.

థర్మోకోల్ నేషనల్‌లో కూడా పట్టాల్సింది ఆ చట్రమే. లోపలి కొలత మారదు కాబట్టి గోడ లావయ్యే కొద్దీ పెట్టె బయటికే పెరగాలి. ఎంత పెరగాలో, ఏ వైపు పెరగాలో చేసేవాళ్ళ ఇష్టం. ఒకరు అంచులు చదునుగా పోస్తారు. ఇంకొకరు వాన నీళ్ళు లోపలికి దిగకుండా అంచుకి గాడి పెడతారు. ఆ గాడిలో వాళ్ళ పెట్టే కూర్చుంటుంది గాని మరొకరిది కూర్చోదు. అన్నిటి మీదా నేషనల్ అనే రాసి ఉంటుంది.

నేను డిసెంబరు తగ్గింపు ధరల్లో గుడ్ల గది ఒకచోట, తేనె గదులు మరోచోట, పీటా కప్పూ ఇంకోచోట కొన్నాను. మందం, బరువు, ధర అని గళ్ళు గీసి పట్టిక వేసుకుని, ఏ భాగానికి ఎవరు గెలిస్తే వాళ్ళ సరుకు తెప్పించాను. విడివిడిగా అన్నీ మంచివే, ఒట్టేసి చెబుతాను. ఒకదాని మీద ఒకటి పెట్టి చూద్దామన్న ఆలోచన, వాపసు ఇచ్చే గడువు దాటిపోయాక వచ్చింది. పీట కన్నా గది వెడల్పు. గది కన్నా తేనె గది ఇరుకు, దానికి గాడి, కింది దానికి లేదు. మెట్లు మెట్లుగా నిలబడింది. వాన పడితే ఆ మెట్ల మీద నీళ్ళు నిలిచి సందుల్లోంచి లోపలికి దిగుతాయని ఎవరూ చెప్పనక్కర్లేదు. అయినా అది పైకి కనిపించే దోషం. అసలు దోషం లోపల ఉంది, అది బయటపడటానికి ఈగలు రావాల్సొచ్చింది.

ఈలోగా రంగు. ఎండ తగిలితే థర్మోకోల్ పైపొర పసుపు తిరిగి పిండిగా రాలుతుంది. కాబట్టి బయటివైపు రంగు వెయ్యక తప్పదు, లోపల వెయ్యకూడదు. ఇంటి బయటిగోడలకి వేసే, నీళ్ళతో కలిపే రంగు రెండు పూతలు చాలు. పెట్టెతో వచ్చిన కాయితంలో ఈ ముక్క లావు అక్షరాల్లో ఉంది. నాకేమో షెడ్డులో ఇనప గేటుకి కొట్టగా మిగిలిన స్ప్రే డబ్బా కనిపించింది. రంగు రంగే కదా అనుకున్నాను.

పెట్రోలు, అసిటోన్, థిన్నర్ తగిలితే పాలీస్టైరీన్ కరుగుతుంది. నేను జనానికి సిఫారసు చేసే ఇన్సులేషన్ పలకల మీద ఇదే హెచ్చరిక ఉంటుంది. దాన్ని చదివి ఇతరులకి వివరించి జీతం తీసుకునేవాణ్ణి నేను. స్ప్రే పడ్డచోట సన్నగా చిటపటలాడింది. గోడ నా కళ్ళముందే లోపలికి కుంగి గుంటలు పడింది. పూత సమంగా పడలేదేమోనని ఇంకో చుట్టు కొట్టాను.

వీడియో కాల్‌లో అమ్మ చూసి, "అయ్యో, పెట్టెకి అమ్మవారు పోసిందేమిట్రా?" అంది.

మా ఆవిడ రంగు పని నా చేతుల్లోంచి లాగేసుకుంది. సరైన రంగు, పసుపుపచ్చది, తెచ్చి రెండు పూతలు వేసి, ద్వారం పక్కన గడపకి పెట్టే ఎర్రబొట్లు వరసగా పెట్టింది. తేనెటీగలకి ఎరుపు కనపడదనీ, అది వాటికి నలుపుగానే తోస్తుందనీ, కార్ల్ ఫాన్ ఫ్రిష్ అనే ఆయన వందేళ్ళ కిందటే ఇది రుజువు చేశాడనీ, ఆయనకి 1973లో నోబెల్ కూడా వచ్చిందనీ చెప్పాను. "బొట్లు ఈగల కోసం కాదు" అంది. నీలం, పసుపు ఈగలకి బాగా తెలుస్తాయి కాబట్టి, తెలియకుండానే ఆవిడ చేసిందే శాస్త్రీయం. ఇది మాత్రం ఆవిడతో అనలేదు.

పెట్టె నిలబెట్టడం ఎవరైనా చేసే పనేనని దాని మీద పెద్దగా మనసు పెట్టలేదు. ఆగ్నేయ ముఖంగా, వెనక కంచె ఉండేలా, రెండు దూలాల స్టాండు మీద పెట్టాను. మట్టం చూసుకోలేదు. థర్మోకోల్ గొప్పతనం దాని తేలిక. నడుం నొప్పి ఉన్నవాళ్ళు అందుకే కొంటారు. ఆ తేలికే మార్చి నెల ఈదురుగాలికి సరిపోయింది. తెల్లారి వెళ్ళేసరికి ఖాళీ దొంతర పక్క మడి ముసలాయన క్యాబేజీల మధ్య పడి ఉంది. ఆయన నలభై ఏళ్ళుగా సెడార్ పెట్టెల్లో ఈగల్ని పెంచుతున్నాడు. పెట్టె తెచ్చిచ్చి, "ఇది నీదే అనుకుంటా, బొట్లున్నాయి" అన్నాడు. లారీల్లో సామాను కట్టే గేరు బెల్టుతో బిగించమనీ, పైన ఒక బండరాయి పెట్టమనీ చెప్పాడు. బిగించాను. నేను బిగిస్తే కదలకూడదు. గేరు కిర్రుకిర్రుమని ఇంకో రెండు పళ్ళు తిరిగింది, బెల్టు థర్మోకోల్ అంచులోకి వేలెడు లోతున దిగింది. నొక్కుకుపోయిన ఆ చోట గదికీ పీటకీ మధ్య సందు పడింది. ఆగస్టులో కందిరీగలు ఆ సందు కనిపెట్టి తేనె దోచుకోవడానికి వచ్చాయి. ముందు ద్వారాన్ని ఇరుకు చేసి కాపలా ఈగలకి పని తగ్గించమని పుస్తకంలో చదివి అదీ చేశాను, వెనక ద్వారం నేనే తెరిచి పెట్టానని తెలియక.

జూన్‌లో ఈగలు వచ్చాయి. అయిదు చట్రాల చిన్న కుటుంబం, ఒక రాణి. మా ఊళ్ళో నాకు తెలిసిన తేనెపట్టు నీళ్ళట్యాంకు కింద, మర్రికొమ్మకి, ఆరుబయట వేలాడేది. ఆ పెద్ద తేనెటీగలకి ఇల్లూ వాకిలీ అక్కర్లేదు, ఒకే ఒక్క పట్టు, దాని చుట్టూ అవే గోడ. ఈ యూరపు ఈగలు వేరు. వీటికి తొర్రో పెట్టో కావాలి, లోపల పక్కపక్కన వరసగా పట్లు కావాలి, పట్టుకీ పట్టుకీ మధ్య నడిచే దారి కావాలి. ఆ దారి వెడల్పు దాదాపు 6 నుంచి 9 మిల్లీమీటర్లు. అంతకన్నా ఇరుకైతే చెట్లజిగురు తెచ్చి పూడ్చేస్తాయి. వెడల్పైతే చోటు వృథా ఎందుకని అక్కడా ఒక పట్టు కట్టేస్తాయి. సరిగ్గా అంతే ఉంటే ముట్టుకోవు. అమెరికాలో లాంగ్‌స్ట్రాత్ అనే మతగురువు 1851లో ఈ కొలతను పెట్టెలోకి తెచ్చాడు. చట్రాలు బయటికి తీసి చూసుకోగలిగే పెట్టెలన్నీ ఆ కాస్త ఖాళీ మీదే నడుస్తున్నాయి.

ఆ ఖాళీ ప్రతి గదికీ పైన ఉండాలా, కింద ఉండాలా? లాంగ్‌స్ట్రాత్ పద్ధతిలో పైన. బ్రిటిష్ నేషనల్‌లో కింద. ఏదైనా ఒకటే, దొంతర అంతా ఒకే పద్ధతిలో ఉన్నంతకాలం. నేను గెలిపించుకున్న గుడ్ల గది పైన ఖాళీ వదిలే రకం. నేను గెలిపించుకున్న తేనె గది కింద ఖాళీ వదిలే రకం. ఒకదాని మీద ఒకటి పెడితే మధ్యలో రెండు ఖాళీలు కలిసి రెట్టింపయ్యాయి. గోడలోంచి పోయే వేడిని దశాంశాలతో సహా లెక్కగట్టినవాడు ఆ ఖాళీని ఒక్కసారి స్కేలు పెట్టి కొలవలేదు.

కొలిచే పని ఈగలు చేశాయి. జులై చివర పై గది ఎత్తబోతే రాలేదు. ఇనప పట్టీ దూర్చి మీటాను. థర్మోకోల్ అంచు మీద మీటకూడదు, అణిగిపోతుంది, అణిగిపోయింది. ఇంకాస్త బలం పెడితే గది లేచింది, దానితోపాటు కింది గది చట్రాలూ లేచాయి. రెంటికీ మధ్య ఖాళీ నిండా జల్లెడను కలుపుకుని పట్లు కట్టేశాయి, వాటిలో పోతుటీగల పిల్లల్ని పెంచుతున్నాయి. పట్లు చిరిగి తెల్లటి పిల్లపురుగులు నా బూట్ల మీద రాలాయి, తేనె కారింది, నాలుగైదు వేల ఈగలు ఏమిటీ అన్యాయమని పైకి లేచాయి. చేతిలో పాతిక కిలోల బరువు. కింద పెట్టడానికి చోటు ముందుగా చూసుకోలేదు. గడ్డిలో పెట్టాను. ఆ కాసేపట్లో నేను తిన్న కాట్ల లెక్క ఎందుకు గాని, మా ఆవిడ ఆ రాత్రి నా మొహం చూసి పెట్టె గురించి ఒక్క మాట కూడా అనలేదు. అంటే బాగుండేది.

ముసలాయన తరవాతి ఆదివారం ఒక చెక్క చట్రం చేసుకొచ్చి, పై గది అడుగున ఖాళీని పూడ్చేటట్టు దిగ్గొట్టాడు. "ఎవరి దగ్గర కొన్నా పరవాలేదు, అన్నీ ఒకళ్ళ దగ్గరే కొను" అన్నాడు. ఈ ఒక్క వాక్యం డిసెంబరులో ఆయన్ని అడిగి ఉంటే వచ్చేది. ఆయన చెక్కపెట్టెల మనిషి, థర్మోకోల్ గురించి ఆయనకేం తెలుస్తుందని అడగలేదు.

అక్టోబరు నాటికి మళ్ళీ నా శాస్త్రం తలెత్తింది. రెండు కిలోల పంచదారకి లీటరు నీళ్ళ లెక్కన పాకం పోశాను, నిల్వలు సరిపోయాయి. ఇన్సులేషన్ వేసిన ఇంట్లో తరవాత వచ్చే బెంగ తేమ, నా వృత్తి అంతా అదే గొడవ. ఇక్కడి పాత పద్ధతిలో మూతపలక నాలుగు మూలలా అగ్గిపుల్లలు పెట్టి కాస్త ఎత్తుతారు, ఆవిరి పైనుంచి పోవాలని. అవి పల్చని చెక్కపెట్టెలు, చల్లని కప్పులు. ఆవిరి కప్పుకి తగిలి చినుకులై గుంపు మీద పడుతుందని ఆ ఏర్పాటు. నా పెట్టెకి కప్పే దళసరి థర్మోకోల్, అది చల్లబడదు, చినుకు అక్కడ పట్టదు. అడుగున జాలీ ఎలాగూ ఉంది. అయినా అగ్గిపుల్లలు పెట్టాను. వేడి పైకే పోతుందని ప్రతి ఇంటాయనకీ పాఠం చెప్పేవాణ్ణి, గోడల్లోంచి పోకుండా అంత డబ్బు పోసి ఆపిన వేడిని నెత్తి మీద నాలుగు సందుల్లోంచి వదిలేశాను. జనవరిలో ఒక రాత్రి మంచం మీద పడుకుని అలవాటుగా లెక్క వేస్తుంటే ఇది తట్టింది. టార్చి పట్టుకుని వెళ్ళి అగ్గిపుల్లలు పీకేశాను. మూత ఎత్తి, ఉన్న వెచ్చదనం కాస్తా పోగొట్టి మరీ.

చలికాలమంతా పెట్టె దగ్గరికి పోవడం మానలేదు. చెవి ఆనించి వినేవాణ్ణి. బతికున్నాయో లేదోనని వేలితో కొట్టి చూసేవాణ్ణి. తేనెటీగలు చలికాలంలో గదిని వెచ్చబెట్టవు, ఒకదాన్నొకటి వెచ్చబెట్టుకుంటాయి. గుంపుగా ముడుచుకుని, రెక్కలు ఆడించకుండా రెక్కల కండరాలు మాత్రం వణికించి వేడి పుట్టిస్తాయి. ఆ వేడికి ఇంధనం తేనె. కొట్టి లేపిన ప్రతిసారీ అవి కాస్త తేనె దండగ చేసుకున్నాయి. వాటికి చలి వేస్తోందేమోనన్న నా జాలికి ఖర్చు అవే భరించాయి.

అయినా బతికాయి. బతకడమే కాదు. గోడలు మంచివైతే గుడ్లగూటిని 35 డిగ్రీల దగ్గర ఉంచడానికి తక్కువ ఈగలు చాలు, కాబట్టి రాణి పెందరాళే ఎక్కువ గుడ్లు పెట్టగలదు. థర్మోకోల్ పెట్టెల్లో కుటుంబం వసంతంలో తొందరగా పెరుగుతుందని వాటిని వాడేవాళ్ళందరూ చెప్పేదే. నేను ఈ పెట్టె కొన్నదే అందుకు. ఏప్రిల్ మూడో వారంలో ఆవపూల చేలు పచ్చగా విచ్చుకుంటుండగా ముసలాయన నా పెట్టె ద్వారం దగ్గర రద్దీ చూసి, "మావాటికన్నా నీవి చాలా ముందున్నాయి. తెరిచి చూడు, వారం వారం చూడు" అన్నాడు. రాణిగది కట్టి గుడ్డు పెట్టాక ఎనిమిది తొమ్మిది రోజులకి దానికి మూత పడుతుంది. ఆ మూత పడే వేళకి పాత రాణి సగం ఈగల్ని తీసుకుని లేచిపోతుంది. వారానికోసారి చూడమనేది అందుకే.

నేను కోటు మీద ఉన్ని శాలువా కప్పుకుని ఉన్నాను. ఈ చలిలో మూత తీస్తే పిల్లలకి చల్లగాలి తగలదూ? అన్నాను. ఆయన పొట్టిచేతుల చొక్కాలో ఉన్నాడు. నా వైపు కాసేపు చూసి ఇంకేమీ అనకుండా వెళ్ళిపోయాడు.

మే మొదటి వారంలో ఎండ కాసిన మధ్యాహ్నం గుంపు లేచింది. ఆకాశమంతా ఈగలై, మడుల మీదుగా తిరిగి, వీధి అవతలి ఇంటి పొగగొట్టం చూసుకుని అందులోకి దిగిపోయాయి. పొగగొట్టంలోంచి గుంపును వెనక్కి తీసుకురావడం దాదాపు అయ్యే పని కాదు. ఆ ఇంటి పెద్దావిడ మర్యాదస్తురాలు. నాకు టీ ఇచ్చి, ఈ ఏడు పొయ్యి వెలిగించకుండా ఉండాలా అని అడిగింది. నేను ఆ గొట్టం చూశాను. ఇటుక గోడ, జానెడు మందం, పైన సన్నని కంత. డెరెక్ మిచెల్ పత్రంలోని చెట్టుతొర్రకి దగ్గరగా ఉంది. ఈగలు నా లెక్క ఒప్పుకున్నాయి. పెట్టెనే ఒప్పుకోలేదు. మిగిలిన సగంతో ఆ ఏడు తేనె లేదు, పంచదార ఖర్చు నాది.

ఇంత జరిగాక బుద్ధి వచ్చి ఉండాలి. కొంత వచ్చింది. ఒకే తయారీదారు దగ్గర రెండు పూర్తి దొంతరలు కొన్నాను, స్కేలు పెట్టి కొలిచాను, బెల్టు సరిపడా మాత్రమే బిగించాను, అంచులు మీటకుండా మూల దగ్గర మెలితిప్పి తీయడం నేర్చాను. వడ్రంగిపిట్ట పొడవకుండా చలికాలంలో కోడివల చుట్టాను. పాత గదుల్ని చాకలిసోడా నీళ్ళతో కడిగాను. చెక్కయితే బర్నరు మంటతో కాల్చి శుద్ధి చేస్తారని చదివి బర్నరు చేతిలోకి తీసుకుని, ఈసారి కాయితం చదివి, కింద పెట్టాను. ఇది నా జీవితంలో గొప్ప రోజుల్లో ఒకటి.

కాని డిసెంబరులో వరోవా పురుగుకి మందు వెయ్యాలి. ఈగల వంటి మీద బతికే ఈ ఎర్ర పురుగు బ్రిటన్‌లో 1992లో బయటపడింది, అప్పట్నించీ పెట్టెలున్న ప్రతివాడికీ అది తప్పని తద్దినం. మూతపడిన గదుల్లోకి మందు పోదు కాబట్టి పిల్లలు తక్కువగా ఉండే నడి చలికాలం చూసి ఆక్సాలిక్ ఆమ్లం వాడతారు. పాకంలో కలిపి చట్రాల మధ్య పొయ్యొచ్చు. లేదా బ్యాటరీకి తగిలించిన చిన్న పెనం ద్వారంలోంచి లోపలికి దూర్చి ఆవిరి పట్టొచ్చు. పొయ్యడానికి మూత తీయాలి. ఆ గడ్డకట్టే ఉదయం మూత తీయడానికి నా ప్రాణం ఒప్పలేదు. పెనం దూర్చాను. ముక్కుకి మాస్కు, కళ్ళకి అద్దాలు, నా జాగ్రత్తలన్నీ నేను తీసుకున్నాను. ఆక్సాలిక్ ఆవిరయ్యేది 150 డిగ్రీలు దాటాక. థర్మోకోల్ 100 చేరకముందే మెత్తబడుతుంది. ఈ రెండు అంకెలూ నాకు విడివిడిగా కంఠతా వచ్చు.

పెనం పీటలోకి దిగబడిపోయింది. ఈగలకి ఏమీ కాలేదు, అవి పైన గుంపుగా ఉన్నాయి. పీట మాత్రం మధ్యలో నల్లటి గుంట. దాన్నీ, మొదటి ఏడు కొన్న పొసగని గదుల్నీ, అమ్మవారు పోసిన ఆ మొదటి దాన్నీ పట్టుకొచ్చి గరాజులో పడేశాను. థర్మోకోల్‌ని మట్టి తినదు, మా కౌన్సిల్ చెత్తబండి తీసుకోదు.

ఈ దేశంలో చలికాలం దోసెల పిండి పులవదు. మా ఆవిడ ఓవెన్‌లో దీపం వేసి పెట్టేది, హీటరు పక్కన దుప్పటి చుట్టి పెట్టేది, పొద్దున్నకి పిండి వేసింది వేసినట్టే ఉండేది. ఒకరోజు గరాజులోంచి ఆ గుంటల పెట్టె తెచ్చి, శుభ్రంగా కడిగి, కింద పలక వేసి, పిండి గిన్నె మూతపెట్టి దింపి, పక్కన వేడినీళ్ళ సీసా ఒకటి పెట్టి, పైన థర్మోకోల్ కప్పు మూసింది. తెల్లారేసరికి పిండి గిన్నె అంచు దాటి పొంగింది. నేను లోపల థర్మామీటరు పెట్టి రాత్రంతా కొలిచాను. తగ్గిందల్లా నాలుగైదు డిగ్రీలే. గోడ లెక్క అక్షరాలా సరిపోయింది.

మొన్న మే నెలలో ముసలాయన కంచె మీద ఒక గుంపు వాలింది. ఫోన్ చేసి, ఖాళీ పెట్టె ఏదన్నా ఉంటే తొందరగా తీసుకురమ్మన్నాడు. నా దగ్గర సిద్ధంగా ఉన్నది అదొక్కటే. వంటింట్లోకి పరుగెత్తి మూత మీద చెయ్యి వేశాను.

"తీయకండి" అంది మా ఆవిడ. "ఈగలకి వేరే ఏదన్నా చూసుకోండి. రాత్రికి మినప్పిండి రుబ్బి పెట్టాను, రేపు ఇడ్లీకి అయిదుగురు వస్తున్నారు."